కుచ్చులమ్మ గుమ్మానికి తిట్ల ముడి

కుచ్చులవలస ఊరు దాటి, చెరకు తోటల మధ్య బండిబాటన మైలు దూరం నడిస్తే పిట్టలమెట్ట అనే చిన్న గుట్ట వస్తుంది. ఆ గుట్ట పాదాన, వరిమళ్ల గట్టు మీద, శ్రీ కుచ్చులమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడి అనగానే గోపురం కోసం తలెత్తి చూసి, ఏమీ కనబడక, సరిగ్గా గుడి ముందే నిలబడి "గుడి ఇంకా ఎంత దూరమండీ?" అని అడిగే భక్తులు ఏటా ఉంటారు. వారి కోసం ముందే మనవి చేస్తున్నాము. రెండు రాతి స్తంభాలు, వాటి మీద ఒక అడ్డరాయి, వెనుక తాటాకు కప్పు. ఇంతే గుడి. గుమ్మం ఉన్నది, తలుపు లేదు. తలుపును ఎవరూ ఎత్తుకుపోలేదు, మొదటి నుంచీ లేదు. లోపల ఉన్న మోకాలెత్తు నల్లరాయే అమ్మవారు. కూర్చున్న ఆడమనిషి ఒడిలాగా ఆ రాతి నడుమ ఒక గుంట ఉంటుంది. ఆ గుంటలో ఏ వేళ చూసినా గుప్పెడు ధాన్యం ఉంటుంది.

వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, వాగు ఒడ్డున రెల్లు తెల్లగా పూసే రోజులు ఈ తల్లికి ఇష్టమైనవి. ఆశ్వయుజం సగం నుంచి కార్తీక పున్నమి దాకా ఈ గుమ్మం రాయి కంటికి కనబడదు. వరికంకులు, చోడి (రాగి) కంకులు, గునుగు పూలు, రెల్లు పూలు, గురివింద కాయలు, కొండచీపురు గడ్డి కలిపి ఇళ్లలో కట్టిన కుచ్చులు వందల కొద్దీ గుమ్మం నిండా వేలాడుతూ ఉంటాయి. గాలి వీస్తే అవన్నీ ఒకదానికొకటి రాసుకుని, ఎండుగడ్డి మీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు వస్తుంది.

కుచ్చును ఇంట్లోనే, చేత్తోనే కట్టుకుని తేవాలి. ఈ మాట గుమ్మం పక్కన పలక మీద ఎర్రరంగుతో రాసి ఉన్నది. కిందటేడు అక్షరాలు పెద్దవి చేసి మళ్లీ రాయించారు. అయినా బజారులో కొన్నవి తెస్తూనే ఉన్నారు. ఒక పెద్దమనిషి ప్లాస్టిక్ కంకుల తోరణం తెచ్చి, "ఇది నీళ్లతో కడిగితే చాలమ్మా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని గుడి చూసుకునే అసిరమ్మకు హామీ ఇచ్చారు. అసిరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పదేళ్లూ ఎవులు తింటారు బాబూ దీన్ని?" అని అడిగింది. ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. చిన్నబుచ్చుకుని వెళ్లిపోయారు.

తలుపు ఎందుకు లేదు, పచ్చిపూలు ఎందుకు కట్టరు, కుచ్చుకు ఆఖరి ముడి వేసేటప్పుడు ఆడవాళ్లు అమ్మవారిని అంత గట్టిగా ఎందుకు తిడతారు అని వచ్చిన ప్రతి ఒక్కరూ అడుగుతారు. చెప్పిన గంటకే పక్కవారు మళ్లీ అవే అడుగుతారు. అందుకని స్థల పురాణం మొత్తం ఒకచోట, తొందరపడకుండా, ఇక్కడ రాస్తున్నాము. దయచేసి చివరిదాకా చదవగలరు.

పూర్వం ఇక్కడ, ఈ ఊరికి ఇప్పటి పేరు రాకముందు, దిగువవలస అని ఇరవై ఇళ్ల పల్లె ఉండేది. కొండవాగు నీటితో నాలుగు వరుసల వరిమళ్లు పండేవి. నీరు తక్కువ, నోళ్లు ఎక్కువ. కాబట్టి ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. ఏ మడి అయినా వరుసగా మూడేళ్లు పండకపోతే ఆ మడిని ఊరు వెనక్కి తీసుకుని మరో ఇంటికి ఇస్తుంది. పంట అంటే ఎంత అన్నదానికీ కొలత ఉండేది. ఊరి కుంచం అంచుదాకా నిండితే పండినట్టు, నిండకపోతే పండనట్టు. ఎంత పేదవాడైనా కుంచెడు పండించలేడా అని పెద్దలు ఉదారంగానే పెట్టిన కొలత అది.

ఆ కుంచం రెండేళ్లుగా నింపనిది నూకాలు మడి ఒక్కటే.

నూకాలు మడి అన్నిటికంటె చివర, గుట్ట పాదాన ఉండేది. ఆమె భర్త పైడయ్య తాటిచెట్టు మీంచి పడి నడుము దెబ్బతిని అరుగుకు అతుక్కుపోయాడు. దున్నినా, నాటినా, కోసినా నూకాలే. పైడయ్య వంతు సలహాలు చెప్పడం. సలహాలకు నడుముతో పని లేదు కాబట్టి ఆ పని మాత్రం అతను ఏ రోజూ మానలేదు.

నూకాలుకు ఒక విద్యలో ఎదురు లేదు. అది ఒడిసెల తిప్పడం. ఒడిసెల అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. రెండు తాళ్ల నడుమ చిన్న అల్లిక ఉంటుంది. అందులో రాయి పెట్టి తల చుట్టూ తిప్పి ఒక తాడు వదిలితే రాయి చాలా దూరం పోయి తగులుతుంది. పంట మీద వాలే పిట్టలను కొట్టడానికి మంచె ఎక్కి దీన్ని తిప్పేవారు. నూకాలు తల్లి గోగునారతో అల్లి ఇచ్చిన ఒడిసెల అది. నూకాలు మంచె ఎక్కిందంటే ఆ మడి మీదుగా ఎగరడానికి కూడా పిట్ట జంకేది. మిగతావాళ్లు పది రాళ్లకు ఒక పిట్టను తోలితే, నూకాలు ఒక్క రాయికి గుంపును లేపేసేది. మంచె పక్కనే గుంట ఉన్న నల్లరాయి ఒకటి నేలలోంచి పైకి వచ్చి ఉండేది. వాగులో ఏరిన గులకరాళ్లన్నీ ఆమె ఆ గుంటలో పోసి ఉంచుకునేది. చేతికి అందుబాటుగా ఉండేది.

అంత కాపలా కాసిన మడికే రెండేళ్లు వరుసగా పురుగు పట్టింది. కంకి పాలుపోసుకుని బరువెక్కే వేళకు ఆకుపచ్చని పురుగు వచ్చి కంకి మెడ కొరికేసేది. తెల్లారి చూస్తే కంకులన్నీ ఎవరో కొడవలి పెట్టినట్టు బురదలో పడి ఉండేవి. పక్క మళ్లలోనూ పురుగు ఉంది గాని ఇంత లేదు. గుట్ట కింద మడి కదా, గాలి ఆడదు, అందుకే అనుకున్నారు అందరూ. నూకాలూ అదే అనుకుంది. మూడో ఏడు ఆశ్వయుజంలో మళ్లీ నాలుగు కంకులు నేల మీద కనబడ్డాయి.

ఊరిపెద్ద సింగినాయుడు గట్టు మీదకు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. చేదుమాట చెప్పవలసి వచ్చినప్పుడు ముందుగా దగ్గడం ఆయన అలవాటు. రెండుసార్లు దగ్గి అన్నాడు: "నూకాలూ, కార్తీక పున్నమి మర్నాడు కుంచం పట్టుకొస్తాను. నిండితే నీ మడి నీదే. నిండకపోతే ఆదెమ్మ పెద్దకొడుక్కి ఇవ్వమని ఊరంతా అంటన్నారు."

"నానేటి తక్కువ సేసినాను బాబూ? గింజ మీద పిట్ట వాలనియ్యలేదు."

"నువ్వు సేసింది తక్కువని ఎవులన్నారమ్మా! మడి పండాల గదా."

మడి పోతే ఇల్లు గడవదు. ఇల్లు గడవకపోతే నడవలేని మనిషిని బండిలో వేసుకుని ఎక్కడికో వలస పోవాలి. ఆ మధ్యాహ్నం ఆమె మంచె మీద కూర్చుని, ఒడిసెల ఒళ్లో పెట్టుకుని, ఎండకు కాస్త కునికింది. ఆ కునుకులో ఒక ముసలమ్మ కనబడింది. తల నిండా రెల్లు పూలు. మెడలో గురివింద గింజల పేరు.

"ఒలే నూకాలూ! నీ గట్టు మీదే ఇన్నేళ్లుగా ఉంటన్నాను. నా ఇంటికి గుమ్మం నేదు. ఈ మంచె గుంజల నడుమ నాకో గుమ్మం కట్టు. పచ్చిపూలతో నాకు పని నేదు, పండి ఎండిన కంకులూ, గడ్డీ, కాయలూ తెచ్చి నీ సేత్తో కుచ్చు కట్టి ఏలాడదీయి. నావోళ్లొస్తారు. నీ మడి నాను సూసుకుంటాను."

నూకాలు లేచి కళ్లు నులుముకుని, అప్పుడే పనిలోకి దిగింది. గుట్ట మీద దొరికే అడ్డతీగను మెలిపెట్టి చక్రంలా చుట్టింది. రెల్లు పూలు విచ్చకముందే కోసి, కాడలు ఒక జానెడుకు కత్తిరించి, చక్రం చుట్టూ పేర్చి నారతో బిగించింది. నడుమ గునుగు పూలు, కింద అంచుకు ఎండిన గురివింద కాయలు, వాటి కింద కంకులు. కంకుల దగ్గర ఆమె ఒక ఆలోచన చేసింది. గింజ ఉన్న కంకి కడితే పిట్టలు పొడిచి పాడుచేస్తాయి. కష్టపడి కట్టిన కుచ్చు నాలుగు రోజులు కూడా ఉండదు. కిందటేడు పురుగు కొరికిన తాలుకంకులు చూరులో ఉన్నాయి. గింజ లేకపోయినా చూపుకు ఏమీ తక్కువ లేవు. ఆమె ఆ తాలుకంకులను వరుసగా, వెంట్రుకవాసి తేడా లేకుండా కట్టింది. పూర్తయ్యాక దూరంగా జరిగి చూస్తే ఆమెకే ముచ్చటేసింది. గుంజల నడుమ వేలాడదీసి, మళ్లీ మంచె ఎక్కి ఒడిసెల అందుకుంది.

తెల్లారి చూస్తే కుచ్చు నేల మీద ఉంది.

గాలికి పడిందనుకుని రెండోది కట్టింది. ఇంకా గట్టి ముడి వేసింది. అదీ పడింది. మూడోది పడలేదు గాని ముడి దానంతట అదే విడిపోయి చక్రం ఒకచోట, పూలు ఒకచోట అయ్యాయి. మడి పక్కనే ఉన్న ఇంటి అరుగు మీంచి పైడయ్య చెప్పాడు: "బరువంతా ఎడమపక్కకే ఉందే. నాను సూత్తానే ఉన్నాను."

"సూత్తానే ఉన్నావు మావా. కట్టేటప్పుడు సెప్పొచ్చు గదా!"

"సెప్తే కోప్పడతావు గదే."

నాలుగోదానికి కుడిపక్క బరువు పెంచింది. ఆదెమ్మ నీళ్లకు పోతూ ఆగి చూసింది. నూకాలు మడి పోతే దక్కేది ఈ ఆదెమ్మ కొడుక్కే. అయినా మాట్లాడకుండా పోవడం ఆమె వల్ల కాదు. "ఇప్పుడు కుడిపక్కకి ఒరిగిందప్పా" అంది.

"ఒరగనీ."

"అమ్మోరి గుమ్మం ఒరిగితే బాగుంటాదేటి?"

"నీకు బాగునేకపోతే నువ్వొచ్చి కట్టు!"

ఆదెమ్మ బిందె సర్దుకుని వెళ్లిపోయింది. నాలుగోది మధ్యాహ్నానికే పడింది. అయిదోదాన్ని కోతి లాగింది. ఆరోది వానకు నాని కుళ్లింది. ఆ ఏడు కార్తీకంలో కురిసిన వాన అదొక్కటే. ఏడోదాన్ని నూకాలు నాలుగు వైపులా నారతో బిగించి, పైన మరో తాడు కట్టి, అది ఎలా పడుతుందో చూద్దామని దాని కిందే కూర్చుంది. ఆమె కళ్లముందే తాళ్లన్నీ ఒకటి తరవాత ఒకటి, ఎవరో తీరిగ్గా విప్పుతున్నట్టు విడిపోయి, కుచ్చు వచ్చి ఆమె నెత్తిన పడింది.

మడిలో రోజుకు ఇన్ని కంకులు పురుగు కొరికేస్తోంది. పున్నమికి పన్నెండు రోజులే ఉంది. నార అయిపోయింది. వేళ్లు పగిలాయి. నూకాలు ఆ తాలుకంకులు తలమీద ఉండగానే ఏడ్చి, అలసి, మంచె గుంజకు ఆనుకుని పట్టపగలే నిద్రపోయింది. ముసలమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె ముఖంలోనూ విసుగు ఉంది.

"ఏటే, ఎన్ని కడతావు?"

"నువ్వడిగినావనే కడతన్నాను! ఏడు కట్టినాను. ఒక్కటి నచ్చలేదు నీకు. ఏటి కావాలో సరిగ్గా సెప్పవు, కట్టింది ఉండనియ్యవు!"

"నా ఒడి సూసినావా? నిండా రాళ్లు పోసినావు. నడుం పడిపోతంది నాకు."

నూకాలు నోరు తెరిచింది. ముసలమ్మ ఆగలేదు. "నావోళ్లొస్తారని సెప్పినాను. నావోళ్లు ఎవులే? పిట్టలే! ఒక సేత్తో గుమ్మం కడతావు, రెండో సేత్తో రాళ్లిసురుతావు. వొచ్చినోళ్లని గుమ్మంలోనే కొట్టి తరిమేసి, అమ్మోరు రానేదని నా మీద ఏడుస్తావు. పైగా తాలుకంకి పెట్టి పిలుస్తావు. గింజ నేని ఇంటికి నువ్వెళ్తావేటి భోజనానికి?"

"ఈ ముక్క మొదటి రోజే సెప్పొచ్చు గదా తల్లీ!"

"అడిగినావేటి? లేచి నిలబడి కట్టడం మొదలెట్టీసినావు."

నూకాలుకు మెలకువ వచ్చింది. మొదట ఆమె చేసిన పని నల్లరాతి గుంటలోని గులకరాళ్లన్నీ రెండు చేతులా తోడి పారబోయడం. అడుగు దాకా తోడాక చూస్తే, కూర్చున్న స్త్రీ మోకాళ్లూ ఒడీ స్పష్టంగా కనబడ్డాయి. ఏళ్ల తరబడి తను రాళ్లు పోసింది ఎక్కడో అప్పుడు తెలిసి, ఆమె ఆ ఒడిని కొంగుతో తుడిచింది.

రెండో పని దీనికంటే కష్టమైనది. గట్టు వారన నాలుగు మొక్కలు ముందుగా పండి, పురుగు తగలకుండా నిలిచాయి. ఆ కంకులు గుప్పెడు ఉంటాయి. వచ్చే ఏటి విత్తనానికని ఆమె వాటిని కంటికి రెప్పలా చూసుకుంటోంది. కొడవలి తీసుకుని అటు నడుస్తుంటే, అరుగు మీంచి పైడయ్య కేక పెట్టాడు. "ఒలే, అవి ఇత్తనాలే!"

"తెలుసు."

"ఇత్తనం పిట్టలకేస్తే రేపు మడి ఉన్నా ఏటి సల్లుతావే?"

"ముందు మడి ఉండనీ మావా!"

కంకులు కోసింది. నేల మీద పడి ఉన్న పాత చక్రాల్లో ఒకదాన్ని తీసుకుంది. ఈసారి వరుస లేదు, కొలత లేదు. రెల్లు పూలు ఎటు పడితే అటు గుచ్చింది. కట్టడానికి నార లేదు. అడ్డతీగ పచ్చిది లేదు. నడుముకు దోపుకున్న ఒడిసెల ఉంది. నూకాలు దాన్ని చేతిలోకి తీసుకుంది. తరవాత అల్లిక దగ్గర కొడవలి పెట్టి కోసి, తాళ్లు రెండూ విడదీసి, వాటితోనే కంకులను చక్రానికి కట్టింది. చుట్టు చుట్టుకూ తిట్టింది.

"ఇదుగో గింజ! తిను! ముందే సెప్పకుండా ఏడు కట్టించుకున్నావు! నా ఏళ్లు సూడు! నా ఇత్తనం తీసుకున్నావు! మాయమ్మ ఇచ్చిన ఒడిసెల తీసుకున్నావు! ఇంక నా దగ్గర ఏటీ నేదు. ఇదీ పడదోస్తే నాకు నీతో పని నేదు, నీకు నాతో పని నేదు!"

అని ఆఖరి ముడి బిగించింది. కుచ్చు ఒరిగింది. అది పడలేదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుని లేచిపోయే భక్తులు చాలామంది ఉన్నారు. అసలు తపస్సు ఇక్కడి నుంచే మొదలయింది. ఆ రోజు ఒక్క పిట్ట రాలేదు. మర్నాడూ రాలేదు. చేతిలో ఒడిసెల లేదని పిట్టలకు ఎవరు చెప్పారు? నూకాలును చూస్తేనే దూరంగా తిరిగిపోయే అలవాటు వాటికి ఏళ్లనాటిది. ఆమె మంచె దిగి, పది అడుగుల అవతల గట్టు మీద రెండు చేతులూ ఖాళీగా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. మూడోనాడు ఒక పిచ్చుక వచ్చి అడ్డకర్ర మీద వాలింది. నూకాలు చెయ్యి దానంతట అదే రాయి కోసం నేల తడిమింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది. పిచ్చుక ఒక గింజ పొడిచి పోయి, పదింటిని వెంటబెట్టుకు వచ్చింది. నాలుగోనాటికి గోరింకలు దిగాయి. కుచ్చు మీద వాలి, అటు నుంచి మడిలోకి దిగి, ఆకుల సందుల్లోంచి పురుగును ఒక్కొక్కటే లాగి మింగాయి. పిట్ట అన్నాక వరిగింజ కూడా నాలుగు పొడుస్తుంది. అవి పొడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం కంటే కష్టమైన పని నూకాలు తన జీవితంలో చేయలేదు. వారం తిరిగేసరికి నేల మీద కొత్తగా తెగిపడిన కంకి లేదు.

పున్నమి మర్నాడు ఊరంతా గట్టు మీదకు చేరింది. నూకాలు కోసి నూర్చిన ధాన్యాన్ని సింగినాయుడు తన చేత్తోనే కుంచంలో పోశాడు. కుంచం నిండుతూ వచ్చి, అంచుకు వేలెడు కిందన ఆగిపోయింది. చాప దులిపారు. చేట గోకారు. వేలెడు వేలెడుగానే ఉంది. సింగినాయుడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. ఆయన నోరు తెరవబోతుండగా ఆదెమ్మ ముందుకు వచ్చింది.

"బాబూ, పిట్టలు తిన్నది ఈ మడి గింజ కాదేటి?"

"ఏటమ్మా?"

"ఆ కుచ్చుకి గుప్పెడు కంకులు కట్టింది. నా కళ్లతో సూసినాను. ఏడిట్లోనూ తాలే గాని, ఎనిమిదోదాంట్లో గింజుండేది. ఈ మడిలో పండిందే. అది కలిపితే కుంచం పొర్లిపోద్ది."

"అది పిట్టల కడుపులోకి పోయింది గదా ఆదెమ్మా! ఎలా కొలుస్తాను?"

"మన కడుపులోకి పోయింది పంటా, పిట్ట కడుపులోకి పోతే కాదా? ఎక్కడుంది బాబూ ఆ కట్టుబాటు?"

సింగినాయుడు ఆమెను వింతగా చూశాడు. "మడి నీ కొడుక్కే వస్తాదమ్మా. తెలుస్తందా?"

"తెలవకేటి! వాడికి దూడని గుంజకి కట్టమంటే సాయంత్రానికి దూడ పక్కూర్లో ఉంటాది. ఈ తల్లేమో ఎనిమిది కట్టించుకుంటే గాని ఊరుకోదు. ఆడి సేత కుచ్చులు కట్టించడం నా వల్ల కాదు బాబూ. దాని మడి దానికిచ్చీ. ఈ గోల నా ఇంటికి తేకు!"

గట్టు మీద అందరూ నవ్వారు. నూకాలు నవ్వలేదు. ఆదెమ్మ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సింగినాయుడు గింజలు పోయిన కుచ్చును పట్టి చూశాడు. ఉత్త కాడలు, ఒడిసెల తాడు, ఒరిగిన ముడి. కాడలు లెక్కపెట్టినట్టు వేలితో తడిమి, కుంచంలోంచి ఒక గుప్పెడు తీసి నల్లరాతి ఒడిలో పోసి, "నిండింది" అన్నాడు. కుంచం ఆ గుప్పెడుతో ఇంకా తగ్గింది. అయినా ఎవరూ కాదనలేదు. అప్పటి నుంచి ఈ ఊళ్లో పిట్టలకు కట్టిన కంకులు కూడా పంట లెక్కలోకే వస్తాయని కట్టుబాటు మారింది. మర్నాటి నుంచి ఇంటింటా కుచ్చు కట్టడం మొదలైంది. దిగువవలస కుచ్చులవలస అయింది. మంచె గుంజల స్థానంలో రాతి స్తంభాలు తరవాతి కాలంలో నిలిపారు. తలుపు మాత్రం పెట్టలేదు. పిట్టలు తలుపు తట్టలేవు.

ఇప్పటికీ ఆశ్వయుజ పున్నమి దాటగానే ఈ చుట్టుపక్కల ఇళ్ల అరుగుల మీద అడ్డతీగలు, రెల్లు కట్టలు, గునుగు పూల మోపులు కనబడతాయి. ఒక కుచ్చు సొంత ఇంటి చూరుకు, ఒకటి అమ్మవారి గుమ్మానికి కడతారు. దూరం నుంచి వచ్చే భక్తులు తమ పెరట్లో, మేడ మీద, రోడ్డు పక్కన దొరికిన ఏ ఎండు కాడలతోనైనా కట్టవచ్చు. వరి దొరకనివారు జొన్న కంకి, సజ్జ కంకి కడితే తల్లి కాదనదు. గింజ ఉండాలి, అంతే. రంగులు పూయకండి. మెరుపు చల్లకండి. జిగురుతో అంటించకండి. పిట్ట కడుపుకు అవి పడవు. వంకరగా వచ్చిందని విప్పి మళ్లీ కట్టుకుంటూ కూర్చోకండి. మొదటిసారి కట్టేవారి కుచ్చు వంకరగానే వస్తుంది. వంకర కుచ్చుకే ఇక్కడ మడి నిలిచింది.

ఆఖరి ముడి గుమ్మం దగ్గరే వేయాలి. ఆ ముడి వేసేటప్పుడు మనసులో ఉన్న విసుగంతా అమ్మవారికి చెప్పుకోవాలి. దీన్నే తిట్ల ముడి అంటారు. తిట్టడానికి మొహమాటపడి, "తల్లీ, కాస్త చల్లగా చూడు" అని మెల్లగా గొణిగేవారిని అసిరమ్మ వదిలిపెట్టదు. "అది తిట్టేటమ్మా? తల్లికి వినబడొద్దేటి? గట్టిగా!" అంటుంది. కిందటి కార్తీకంలో బదిలీల మీద బదిలీలు తిరిగిన ఒక నర్సమ్మ ఇక్కడ నిలబడి పావుగంట తిట్టింది. తిట్టి, ముడి వేసి, ఆ గుమ్మంలోనే కూర్చుని పులిహోర తిని, "ఇప్పుడు బాగుందండీ" అని వెళ్లింది. మొక్కు తీరిందో లేదో మాకు తెలియదు. ముఖం తేటపడి వెళ్లిన సంగతి మాత్రం అందరూ చూశారు.

మన కుచ్చు ఎన్నాళ్లకు ఖాళీ అవుతుంది, ఇంకా గింజలు ఉన్నాయి కదా, మొక్కు తీరనట్టేనా అని కూడా అడుగుతారు. పిట్టలకు తొందర లేదు. గింజలన్నీ పోయి ఉత్త కాడలు మిగిలిన రోజున ఆ కుచ్చును విప్పి ఇంటికి తీసుకువెళ్లి గుమ్మానికి కట్టుకుంటే, ఆ ఇంటి నేల ఆ ఇంటివారి చేయి జారిపోదని, పెట్టిన గింజకు కొరత రాదని ఇక్కడివారి నమ్మకం. నూకాలు వంశంవారు ఇప్పటికీ ఆ చివరి మడినే సేద్యం చేస్తున్నారు. నూర్చిన ధాన్యంలో మొదటి గుప్పెడు అమ్మవారి ఒడిలో పోసి ఆ తరవాతే ఇంటికి తీసుకువెళతారు.

చివరిగా ఒక్క మనవి. దీన్ని కూడా పలక మీద రాయించాము, చదివినవారు తక్కువ. కుచ్చు కట్టాక గుమ్మానికి అడ్డంగా నిలబడకండి. ఫోటోల కోసం కూడా వద్దు. పది అడుగులు వెనక్కి జరిగి, గట్టు మీద చేతులు ఖాళీగా పెట్టుకుని కాసేపు కూర్చోండి. తల్లి వచ్చే వేళ అదే.